తొమ్మిది ఊళ్ల చీటీ

సెప్టెంబర్ 12, మ్యూనిక్

ముప్పై ఒక్కేళ్లు సోషల్ పాఠాలు చెప్పినవాడి ముందు మ్యాపు పెడితే చేతులు ఊరుకోవు. మ్యూనిక్‌లో అమ్మాయి ఇంట్లో దిగిన నాలుగో రోజునే ఆల్ప్స్ పటం ముందేసుకుని, రూళ్ల కాగితం మీద తొమ్మిది పేర్లు రాశాను. సాల్జ్‌బర్గ్ కోట, హాల్‌స్టాట్, కోనిగ్‌జే సరస్సు, హిట్లర్ కోసం కొండకొన మీద కట్టిన ఈగిల్స్ నెస్ట్, కుఫ్‌స్టైన్ కోట, వాటెన్స్‌లో స్వరోవ్‌స్కీ వాళ్ల స్ఫటికాల ప్రదర్శన, ఇన్స్‌బ్రుక్, దాని నెత్తిన ఉన్న నార్డ్‌కెట్టె కొండలు, 2025 జూలైలో యునెస్కో జాబితాకెక్కిన నోయ్‌ష్వాన్‌స్టైన్ రాజమహలు. పటం మీద అన్నీ జానెడు దూరంలోనే ఉన్నాయి. పొద్దున సాల్జ్‌బర్గ్‌లో బయల్దేరితే రాత్రి ఇన్స్‌బ్రుక్ చేరేలోపు అన్నీ చూసేయవచ్చని నా లెక్క.

అల్లుడు చీటీ చూసి ఏమీ అనలేదు. "గైడుకు పంపి చూద్దాం మావయ్య గారూ" అన్నాడు, అంతే.

నిజానికి సాల్జ్‌బర్గ్ నుంచి ఇన్స్‌బ్రుక్‌కు రైలు రెండు గంటల లోపే చేరుస్తుంది. ముందుగా కొంటే టికెట్టు చవక కూడా. కానీ దారిలో దిగాలంటే బస్సులు, మెట్లు, సంచుల మోత. మా ఆవిడ మోకాళ్లు అందుకు ఒప్పుకోవు. పిల్లలకు కారు లేదు. అందుకని ఒక్క రోజుకు గైడుతో సహా బండి మాట్లాడుకుందామని నిర్ణయం.

మొదట అడిగిన చోట 520 యూరోలన్నారు. "గైడుతో సహా" అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. అమ్మాయి గుచ్చి గుచ్చి అడిగితే తేలిందేమిటంటే, వచ్చేది డ్రైవరే. ప్రతి ఊళ్లోనూ దింపి తాను కారులో కూర్చుంటాడు. ఆస్ట్రియాలో గైడు పనికి పరీక్ష నెగ్గి లైసెన్సు తీసుకోవాలట. డ్రైవరు కారులో ఎన్ని కబుర్లైనా చెప్పవచ్చు గాని, దిగి ఊరు తిప్పుతూ చరిత్ర చెప్పకూడదు. మేము డబ్బు కడుతున్నది మాటకా, చక్రాలకా అన్నది ముందే తేల్చుకోవాలన్నమాట.

రెండోది సాల్జ్‌బర్గ్‌లో ఉండే ఒక లైసెన్సు గైడు. బండి ఆమెదే, తోలేదీ ఆమే. మర్నాడే జవాబు వచ్చింది. నా తొమ్మిది పేర్లనూ వరసగా రాసి, ఒక్కోదాని ఎదుట గంటలు వేసింది. కింద కూడిక: ఇరవై ఒకటి. దాని కింద ఒకే వాక్యం: "నేను రోజుకు పది గంటలు పనిచేస్తాను." హాల్‌స్టాట్ సాల్జ్‌బర్గ్‌కు ఆగ్నేయాన, ఇన్స్‌బ్రుక్ నైరుతి వైపున, ఇక నోయ్‌ష్వాన్‌స్టైన్ ఇన్స్‌బ్రుక్ కూడా దాటాక మళ్లీ జర్మనీలో ఉంది. తెనాలి నుంచి హైదరాబాదు వెళ్తూ దారిలో తిరుపతి చూస్తామన్నట్టుంది నా చీటీ. సోషల్ మాస్టారి పరువు పోయింది.

ఆమె అడిగింది 760 యూరోలు. మన డబ్బులో డెబ్బై ఎనిమిది వేల పైమాట. అందులో ఒక పద్దు దగ్గర నాకు చిర్రెత్తింది. మమ్మల్ని దింపాక ఆమె ఖాళీ బండితో సాల్జ్‌బర్గ్ తిరిగి వెళ్లే దారికి కూడా మేమే కట్టాలట. "ఇదేమిటి, అన్యాయం కాదా?" అన్నాను. మా ఆవిడ చపాతీ ఒత్తుతూ, "మన ఆటోవాళ్లు అడగరా, వచ్చేటప్పుడు ఖాళీగా రావాలండీ అని?" అంది. వాదన అక్కడితో ముగిసింది.

సెప్టెంబర్ 19, సాల్జ్‌బర్గ్

ఉప్పుతో బతికిన ఊరు. పేరులోనే ఉప్పు ఉంది. చుట్టుపక్కల గనుల్లో తవ్విన ఉప్పు మీది రాబడితో ఇక్కడి ఆర్చిబిషప్పులు రాజుల్లా ఏలారు. 1077లో మొదలుపెట్టిన కోట ఇప్పటికీ ఊరి మీద కూర్చుని కిందికి చూస్తూ ఉంటుంది. కోట రేపటి లెక్కలోకి రాకుండా ఈ రోజే, కొండెక్కే చిన్న రైల్లో వెళ్లి చూసి వచ్చాం. గైడు ఉత్తరం పుణ్యమా అని చీటీలో ఒక పేరు అలా కొట్టివేశాను.

సంగీతకారుడు మొజార్ట్ పుట్టిన ఇల్లు వెతకడంలో మాత్రం దారి తప్పాం. ఫోను చూపిన దారిలో నది దాటి వెళ్లి, టికెట్ల వరసలో నిలబడి, గోడ మీది బోర్డు చదివాక తెలిసింది: అది వాళ్ల కుటుంబం తర్వాత కాపురమున్న ఇల్లు. 1756లో ఆయన పుట్టిన ఇల్లు నదికి ఆవలి ఒడ్డున గెట్రైడెగాసె వీధిలో 9వ నంబరు. మేము పొద్దున దాని ముందు నుంచే నడిచి వచ్చాం! ఆ సందులో తల పైకెత్తి నడవాలి. ప్రతి దుకాణానికీ ఇనుప కమ్మీకి వేలాడే బోర్డు ఉంటుంది. తాళంచెవి, బూటు, గొడుగు, ఇలా బొమ్మ చూస్తేనే అమ్మేది ఏమిటో తెలిసేవట. తల పైకెత్తి నడిచాం గనుక తలుపు మీది నంబరు చూడలేదు.

భోజనం దగ్గర ఇంకొకటి. మా ఆవిడ శాకాహారి. జున్ను కలిపి నొక్కి వేయించిన రొట్టె ఉండల సూపు ఉందంటే, "మాంసం ఉందా?" అని అమ్మాయి అడిగింది. లేదన్నాడు వడ్డించేవాడు. ఆవిడ రెండు చెంచాలు తాగి ఆగిపోయింది. మళ్లీ అడిగితే, "ముక్కలు లేవు, నీళ్లు గొడ్డు మాంసం ఉడికించినవి" అన్నాడు, అందులో దాచడానికేముంది అన్నట్టు. ఆవిడ గిన్నెను నెమ్మదిగా నా వైపు జరిపి, మంచినీళ్ల గ్లాసు అందుకుంది. ఆ రోజు నుంచి మా అమ్మాయి ప్రశ్న మార్చింది: "ఉడికించిన నీళ్లు దేనివి?" బిల్లులో ఆ మంచినీళ్లకు కూడా ఒక పద్దు ఉంది.

తీపి మీద మాత్రం ఫిర్యాదు లేదు. మొజార్ట్ పేరుతో బంగారు రంగు కాగితంలో చుట్టిన చాక్లెట్ ఉండలు ఊరంతా గుట్టలు పోసి ఉంటాయి. 1890లో ఈ మిఠాయి కనిపెట్టిన ఫ్యూర్స్ట్ అంగడి వాళ్లవి మాత్రం వెండి మీద నీలి రంగు కాగితంలో ఉంటాయి; ఇప్పటికీ చేత్తోనే చేస్తారు. ఒక్కోటి రెండు యూరోల దాకా. నాలుగు కొన్నాం. నా వాటాది నేను కోటకు ఎదురుగా ఒక బల్ల మీద కూర్చుని, సగం సగంగా తిన్నాను.

సెప్టెంబర్ 20, కోనిగ్‌జే

ఏడున్నరకు గైడు వచ్చింది. యాభై దాటిన మనిషి, పొట్టి జుట్టు, నడక బూట్లు. "గ్రూస్ గాట్" అంది. దేవుడు నిన్ను పలకరించుగాక అని అర్థమట. రెండో మాట: "పాస్‌పోర్టులు చేతిలో ఉన్నాయా?" సాల్జ్‌బర్గ్ నుంచి అరగంటలో మళ్లీ జర్మనీలో అడుగుపెడతాం, పోలీసులు ఆపవచ్చు. నావి చొక్కా జేబులో ఉన్నాయి. మా ఆవిడది మాత్రం అన్నిటికంటే అడుగున ఉన్న పెట్టెలో, పట్టుచీర మడతలో ఉంది. నడివీధిలో పెట్టెలన్నీ దింపి, చీరలు విప్పి, పాస్‌పోర్టు తీశాం. గైడు తానే పెట్టెలు మళ్లీ సర్దింది. సరిహద్దులో ఎవరూ ఆపలేదు.

కోనిగ్‌జే గురించి ఎంత రాసినా తక్కువే. కొండలు గోడల్లా నిలబడ్డ సందులో సన్నగా, పొడవుగా ఉంటుంది ఆ సరస్సు. 1909 నుంచి ఇక్కడ కరెంటు పడవలే నడుస్తాయి కాబట్టి మోటారు చప్పుడు లేదు, పొగ లేదు. నీళ్లు ఆకుపచ్చగా, మన నేరేడు ఆకు పైభాగం రంగులో ఉన్నాయి. సగం దూరంలో పడవవాడు ఇంజను ఆపి, తలుపు తెరిచి, బాకా తీసి నాలుగు స్వరాలు ఊదాడు. ఆగాడు. కొండ ఆ నాలుగింటినీ తిరిగి ఊదింది. పడవలో చంటిపిల్లలు కూడా నోరు మెదపలేదు. తర్వాత టోపీ తిప్పుతూ, "సగం నాకు, సగం పైన కూర్చుని బదులు ఊదే మా వాడికి" అన్నాడు. గైడు నవ్వలేదు, ఎన్ని వందలసార్లు విన్నదో.

ఎర్రటి ఉల్లిగడ్డల్లాంటి గోపురాలున్న సెయింట్ బార్తొలొమే గుడి దగ్గర దిగాం. దాని వెనకే 2,713 మీటర్ల వాట్స్‌మన్ కొండ. వాట్స్‌మన్ ఒక క్రూరుడైన రాజనీ, పేదవాళ్ల ఉసురు తగిలి పెళ్లాం పిల్లలతో సహా రాయైపోయాడనీ కథ. పెద్ద శిఖరం రాజు, పక్కది రాణి, నడుమ వరసగా పిల్లలు. "పిల్లలేం చేశారు పాపం?" అంది మా ఆవిడ. గైడు ఆ ప్రశ్నకు కాసేపు ఆగి, అది నన్నెవరూ అడగలేదు అంది.

అల్లుడు పొగబెట్టిన చేప కొనుక్కున్నాడు. మేము ఒడ్డున బల్ల మీద పులిహోర విప్పాం. గైడు తన డబ్బాలోంచి రొట్టె, జున్ను తీసింది. గైడు భోజనం మన ఖర్చా కాదా అని రాత్రంతా ఆలోచించిన నాకు ఊరట దొరికింది. పులిహోర పసుపు రంగు చూసి గైడు ఇదేమిటని అడిగితే మా ఆవిడ ఒక ముద్ద పెట్టింది. చింతపండు పులుపుకు గైడు ఒక కన్ను మూసింది, మళ్లీ చెయ్యి చాచింది.

ఇక్కడే నాకూ గైడుకూ మాట తేడా వచ్చింది. ఈగిల్స్ నెస్ట్ నాకు కావాలి. రెండో ప్రపంచ యుద్ధం ముప్పై ఒక్కేళ్లు చెప్పినవాణ్ణి, ఇంత దగ్గరకు వచ్చి చూడకుండా పోవడమా? పైకి సొంత బండ్లు పోనివ్వరు, వాళ్ల బస్సులోనే ఎక్కాలి, ఆ మీదట కొండ లోపల 124 మీటర్ల లిఫ్టు. రానూ పోనూ మూడు గంటలు అంది. "పైన ఇప్పుడు ఉన్నది భోజనాల హోటలు. మీకు పాఠం కావాలంటే కింద ఓబర్‌సాల్జ్‌బర్గ్‌లో మ్యూజియం ఉంది, ఫొటో కావాలంటే పైన ఉంది. ఏది కావాలి?" మ్యూజియం అనాలని తెలుసు. నోటికి రాలేదు. రెండూ మానేశాం. పార్కింగు దగ్గర ఆమె వేలు పెట్టి చూపింది: శిఖరం కొసన మెంతిగింజంత చుక్క.

అదే రోజు, లోఫర్ దారి

పెద్ద రోడ్డు ఎక్కితే కుఫ్‌స్టైన్ మీదుగా పోతుంది. ఆమె లోఫర్, సెయింట్ యోహాన్‌ల మీదుగా చిన్న దారి పట్టింది. కుఫ్‌స్టైన్ కోట అలా చీటీలోంచి జారిపోయింది. నేను అడగలేదు, అప్పటికి కిటికీకి అతుక్కుపోయి ఉన్నాను. ఎల్మావు దగ్గర విల్డర్ కైజర్ అనే కొండల వరస కనిపిస్తుంది. పచ్చటి మైదానం మీద, మధ్యలో మెట్టు లేకుండా, తెల్లటి రాతి రంపం నిలబెట్టినట్టు.

వోర్గల్ దాటాక ఒక పల్లె పొలిమేరలో బండి ఆగిపోయింది. ముందు ఇరవై కార్లు. "ఆవులు" అంది గైడు, ఇంజను ఆపేసి. వేసవిలో కొండల మీది మేతకు తోలిన మందలను సెప్టెంబరులో కిందికి దింపుకొచ్చే రోజు అది. ఎంతసేపు పడుతుందని అడిగాను. భుజాలెగరేసింది. అందరం దిగాం.

ముందు గంటలు వినిపించాయి. గుడిగంటలంత గంటలు, ఒక్కోటి ఒక్కో శ్రుతిలో. తర్వాత మలుపు తిరిగి మొదటి ఆవు వచ్చింది. నెత్తిన మూరెడు ఎత్తు కిరీటం: దేవదారు కొమ్మలు, కాగితం పూలు, రిబ్బన్లు, నడుమ గుండ్రటి చిన్న అద్దం. మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని "కనుమ పండగండీ" అంది. అద్దం ఎందుకని అడిగాం. దుష్టశక్తి తన మొహం తానే చూసుకుని జడిసి పారిపోవడానికట. "దిష్టి" అని మా ఆవిడ ఆ మాట తెలుగులో గైడుకు నేర్పింది. "తిష్టి" అని రెండుసార్లు పలికింది ఆమె.

మందలన్నీ అలా వెళ్లాక, చివర్లో ఒక మంద ఏ అలంకారం లేకుండా వచ్చింది. పాతిక ఆవులుంటాయి. ముందు నడిచే కుర్రవాడు నేల చూస్తూ నడుస్తున్నాడు. అప్పటిదాకా చప్పట్లు కొట్టినవాళ్లు ఆపేశారు. ఆ వేసవిలో పైన మేతలో ఆవు గాని, ఆ ఇంట్లో మనిషి గాని పోతే పూలు పెట్టరని గైడు మెల్లగా చెప్పింది. ఏం జరిగిందో ఆమెకూ తెలియదు. గంటలు లేకపోతే ఆవుల డెక్కల చప్పుడు ఎంత మెత్తగా ఉంటుందో అప్పుడు విన్నాను.

రోడ్డు పక్కన ఒక పెద్దావిడ బాణలి పెట్టి కీహల్ వేయిస్తోంది. పులిసిన పిండి ఉండను రెండు చేతుల వేళ్ల మీద తిప్పుతూ లాగుతుంది; అంచు లావుగా, నడుమ దీపం పెడితే వెలుగు కనబడేంత పల్చగా వచ్చాక బాణలిలోకి జారవిడుస్తుంది. అంచు పొంగుతుంది, నడుమ గుంట పడుతుంది. గుంటలో పులిసిన క్యాబేజీ గాని, కొండల మీద కాసే ఎర్రటి పుల్లటి పండ్ల జామ్ గాని వేసి ఇస్తారు. మా అమ్మాయి వేయించేది దేనిలోనని అడిగింది. వెన్న కాచి వడగట్టినదట. "అంటే నెయ్యి!" అంది మా ఆవిడ, పరాయి ఊళ్లో మేనత్త ఎదురుపడ్డంత సంతోషంగా. రెండు తింది. ఒక్కోటి ఆరు యూరోలు, నోట్లే ఇవ్వాలి, కార్డు పనిచేయదు. మొత్తం గంటంపావు అక్కడే పోయింది.

రాటెన్‌బెర్గ్

ఇది నా చీటీలో లేదు. దారిలో ఉందని గైడు ఆపింది. ఆస్ట్రియాలో విస్తీర్ణంలో అన్నిటికంటే చిన్న పట్టణం ఇదే; నాలుగు వందల పైచిలుకు జనం, ఒకటే పెద్ద వీధి. వెనక కొండ ఎంత దగ్గరంటే, చలికాలంలో నెలల తరబడి ఊరి మీద ఎండ పడదు. ఏటికి ఆవలి ఒడ్డున మాత్రం ఎండ కాస్తూనే ఉంటుందట. అక్కడ అద్దాలు నిలబెట్టి ఎండను ఇటు మళ్లించాలని ఇరవై ఏళ్ల కిందట పథకం వేశారు, పని మాత్రం జరగలేదు. "ఆవుల నెత్తిన అద్దాలు పెట్టుకున్నారు, ఊరికి పెట్టుకోలేకపోయారు" అన్నాను. గైడు ఇప్పుడు నవ్వింది.

వీధి నిండా గాజు దుకాణాలు. ఒకచోట మంట ముందు కూర్చున్నవాడు కరిగిన గాజు చుక్కను పటకారుతో చిటికెన వేలంత సాగదీసి, ముక్కు తిప్పి, పిట్టను చేశాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఇరవై నాలుగు యూరోలు పెట్టి ఒకటి కొన్నాను. వాడు చుట్టి ఇచ్చిన కాగితం చాలదనిపించి, జేబులో ఉన్న నా చీటీని కూడా దాని చుట్టూ చుట్టాను.

వాటెన్స్ చేరేసరికి ఐదున్నర. స్ఫటికాల ప్రదర్శన ఏడింటికి మూసేస్తారు. నోట్లోంచి జలపాతం దూకే పచ్చగడ్డి రాక్షసుడి తలను చూడాలని అమ్మాయికి ముచ్చట. టికెట్ల ధర, మిగిలిన సమయం లెక్కవేసి, వద్దనుకుంది. ఇన్స్‌బ్రుక్ చేరేదాకా కిటికీ వైపే చూస్తూ కూర్చుంది.

దిగేటప్పుడు గైడుకు పైన యాభై యూరోలిచ్చాను. వెనక్కి ఖాళీగా వెళ్లే దారికి కూడా కట్టామన్న సంగతి అప్పుడు గుర్తు రాలేదు. మిగిలిన పులిహోర డబ్బా మా ఆవిడ ముందు సీట్లో పెట్టేసింది.

సెప్టెంబర్ 21, ఇన్స్‌బ్రుక్

ఈ ఊరి బంగారు పైకప్పు చూసి మా ఆవిడ, "ఇంతేనా?" అంది. 2,657 బంగారు పూత రేకులని లెక్క చెప్పాను. "ఇంటి కప్పు అనుకున్నాను, ఇది అరుగు చూరు" అంది. నిజమే, కింద జరిగే ఉత్సవాలు చూడటానికి చక్రవర్తి మాక్సిమిలియన్ కోసం 1500లో పూర్తిచేసిన బాల్కనీ అది.

ఆయన సమాధి హోఫ్‌కిర్షె చర్చిలో ఉంది, ఆయన మాత్రం అందులో లేడు. మనిషి కంటే ఎత్తయిన 28 నల్లటి కంచు విగ్రహాలు ఖాళీ సమాధికి కాపలా కాస్తున్నాయి. చివరి రోజుల్లో ఆయన పరివారంతో ఈ ఊరు వస్తే, పాత బాకీలు తీర్చలేదని సత్రాలవాళ్లు చోటివ్వలేదని చెబుతారు. ముందుకు సాగి 1519 జనవరిలో వెల్స్ అనే ఊళ్లో కన్నుమూశాడు. వీనర్ నోయ్‌స్టాట్‌లో పూడ్చారు. చక్రవర్తికే అప్పివ్వని ఊరు. మా హోటలు కూడా డబ్బు ముందే కట్టించుకుంది.

మధ్యాహ్నం నార్డ్‌కెట్టె ఎక్కాం, ఒక్కొక్కరికి యాభై యూరోల దాకా పెట్టి. ఊరి నడుమ రైలెక్కితే, తర్వాత తాళ్ల మీద వేలాడే పెట్టెలు మారుతూ అరగంటలో రాళ్ల మధ్య దిగబెడతారు. కింది రైలు స్టేషన్లు జాహా హదీద్ అనే భవన శిల్పి గీసినవి, గాజుతో కరిగే మంచులా ఉంటాయి. 1,905 మీటర్ల ఎత్తున సేగ్రూబె అనే మజిలీలో కైజర్‌ష్మారన్ చెప్పాం. దిబ్బరొట్టెను చిదిమి, చక్కెర చల్లి, ఉడికించిన రేగుపండంత ప్లమ్ పండ్లతో ఇచ్చినట్టుంటుంది. గుడ్డు వేస్తారు కనుక మా ఆవిడ పండ్లే తింది.

వడ్డించిన కుర్రాడికి పాతికేళ్లుండవు. నన్ను చూసి ఏదో అడిగాడు, అమ్మాయి కిసుక్కున నవ్వింది. "నాన్నా, నిన్ను నువ్వు అంటున్నాడు!" కింద ఊళ్లో ఎవరినైనా మీరు అనే ఈ మనుషులు, వెయ్యి మీటర్లు దాటితే ఎవరినైనా నువ్వు అంటారట. కొండ మీద అందరూ ఒకటేనని ఆచారం. తెనాలిలో నా శిష్యుల మనవలు కూడా నన్ను నువ్వు అనరు. అయినా ఏమీ అనిపించలేదు. కాఫీ ఇంకొకటి తెమ్మన్నాను, నువ్వు అనే భాషలోనే, అమ్మాయి నేర్పితే. కింద దిగాక కేబుల్ కారు గేటు దగ్గర టికెట్టు చూసినవాడు మళ్లీ మీరు అన్నాడు. ఒక మెట్టు కిందికి దించినట్టు అనిపించింది.

అక్టోబర్ 5, తెనాలి

నిన్న రాత్రి పెట్టెలు విప్పాం. పిట్ట క్షేమం, ముక్కు కూడా చెక్కుచెదరలేదు. చుట్టిన చీటీ తీసి సాపు చేస్తే, రూళ్ల మీద తొమ్మిది పేర్లు, ఒక్కదానికి మాత్రమే కొట్టివేత. మా ఆవిడ దాన్ని తిప్పి, ఖాళీగా ఉన్న వెనక వైపు రాసుకుంటోంది: మైదా పావు కిలో, ఈస్ట్ ఒక చెంచా, పాలు, నెయ్యి వేయించడానికి. జామ్‌కు ఆ పండ్లు ఇక్కడ దొరకవు కదా అంటే, వాక్కాయలతో చేసి చూస్తానంది.